నాలుగింతల అతుకు

నేను రిటైరైన రోజున మా పై అధికారి మైకు పట్టుకుని, "ఈయన బేరానికి కూర్చున్నాడంటే అవతలివాడు చొక్కా విప్పి ఇచ్చి వెళ్ళాల్సిందే" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వాను. తర్వాత శాలువా కప్పారు. పల్చగా ఉంది. దాన్ని బేరం చేసి కొన్నవాడెవడో గాని నాకంటే మొనగాడు.

ముప్పై ఏళ్ళకు పైగా వర్క్ ఇన్‌స్పెక్టరుగా కొండలెక్కి దిగాను. మోకాళ్ళు అరిగిపోయాయి. ఇప్పుడు మేడ మీదికి పోవాలంటే ఒక్కో మెట్టునీ బతిమాలుకోవాలి. మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "సార్, ఏజెన్సీలో పోస్టింగ్ వచ్చింది, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?" అని అడుగుతారు. దోమతెర, గొడుగు, రెండు జతల చెప్పులు అని చెప్పి పెట్టేస్తాను. నిజంగా చెప్పాల్సింది ఒకటుంది గాని, దాన్ని ఫోనులో చెబితే నవ్వులాటగా ఉంటుంది. ఓపిక ఉన్నప్పుడే రాసి పెడదామని కూర్చున్నాను.

ముందు నా పుట్టుక సంగతి చెప్పాలి, లేకపోతే నేను చేసిన పని అర్థం కాదు. మాది సాలూరు. ఘాట్ రోడ్డు దిగివచ్చే బస్తాలన్నీ మా వీధిలోంచే పోయేవి. మా నాన్నది చింతపండు, పసుపు, పిప్పళ్ళ కొట్టు. పెదనాన్నది బట్టల కొట్టు. మేనమామది ఇనుప సామాను. నేను ఎక్కాలకంటే ముందు బేరం నేర్చుకున్నాను. మొదట చెప్పిన అంకెని మా ఇంట్లో ఎవరూ అంకెగా చూడరు. అది పలకరింపు. అవతలివాడు "వంద" అంటే "బాగున్నారా" అన్నట్టు. మనం "యాభై" అంటే "బాగున్నాం, మీరెలా ఉన్నారు" అన్నట్టు. అసలు మాట ఆ తర్వాతే మొదలవుతుంది. మా అమ్మ అన్నం గిన్నె పట్టుకుని "మూడు గరిటెలు" అంటే, నేను "ఒకటి" అనేవాణ్ణి. రెండుకి కుదిరేది. ఆకలి ఎంతుందో ఇద్దరిలో ఎవరూ అడిగింది లేదు.

పన్నెండేళ్ళ కిందట అనుకుంటాను, పెదబయలు అవతల ఒక కొండమీది ఊళ్ళో బడి కట్టే పని నాకు అప్పజెప్పారు. ముప్పై గడపల ఊరు. రోడ్డు కొండ కిందే ఆగిపోయేది. అక్కడినుంచి గంటన్నర నడక, మధ్యలో రెండు గెడ్డలు, అంటే కొండవాగులు, దాటాలి. ఇనుము, సిమెంటు పైకి చేర్చడం మావల్ల కాదు. గోడలు మట్టీ రాయీతో ఊరివాళ్ళే లేపారు. కప్పుకి మాత్రం, రోడ్డు పక్కన కూల్చేస్తున్న పాత బంగళా ఒకటుంటే, దాని పెంకులూ దూలాలూ వాడుకోమని కాగితం వచ్చింది.

దూలాలు మూడు. మంచి వేగిస కర్ర. ఒక్కోటీ ఇరవై ఒక్క అడుగులు. వాటిని మోయడానికి ఊరివాళ్ళు దూలానికి ఎనిమిది మంది కావాలన్నారు. నేను నలుగురు చాలన్నాను. నలుగురు మోయలేరన్నారు. "మోయలేకపోతే మధ్యకి కోసెయ్యండి, సగం సగం పట్టుకెళ్దురు గాని" అన్నాను. కోశారు. ఎనిమిదిమందిని నలుగురికి తగ్గించానని ఆ పూట నాకు అన్నం కొంచెం ఎక్కువ దిగింది. ఒక్క ముక్కగా ఉన్నదాన్ని రెండు చేశాక మళ్ళీ ఒకటి చెయ్యాల్సి వస్తుందన్న సంగతి, పైకి చేరి, గోడల మధ్య ఆ ఆరు ముక్కల్నీ పరిచి చూసేదాకా తట్టలేదు.

అడవి మధ్యలో కూర్చుని కర్రకి కరువేమిటి అంటారేమో. అడవిలో ఒక చెట్టు కొట్టాలంటే కావాల్సిన కాగితాలకి ఇంకో చెట్టు కావాలి.

ఊళ్ళో టీచరమ్మ ఒకామె ఉండేది. అరకు వైపు గిరిజనుల పిల్ల, ముప్పై దాటని వయసు. మాట కోసినట్టు మాట్లాడేది. అప్పటికి ఆమె బడి ఒకరి మేకల పాక పక్కన, చూరు కింద నడుస్తోంది. నేను దూలాల ముక్కలు చూసుకుంటుంటే వచ్చి నిలబడింది.

"సార్, జూన్‌లో బళ్ళు తెరిచేసరికి కప్పున్న గది లేకపోతే ఈ బడిని కింద ఊరి బళ్ళో కలిపేస్తారట. చెప్పారా మీకు?"

"చెప్పారమ్మా."

"కిందికి పోవాలంటే రెండు గెడ్డలు దాటాలి. వానాకాలంలో పెద్దగుంటలు నలుగురు దాటుతారు. మిగతా ఇరవై మందీ మేకల ఎనకే. అదీ చెప్పారా?"

గుంటలంటే అక్కడ పిల్లలు. అది చెప్పలేదు. అప్పటికి ఏప్రిల్ చివర.

వడ్రంగి పక్క కొండమీద ఊరివాడు. అరవై ఏళ్ళుంటాయి. ఎండిన మునక్కాయలా ఉండేవాడు. భుజాన బాడిస, సంచిలో నాలుగు ఉలులు, ఒక రంపం. టేపు లేదు, జానా, బెత్తా, వేలూ అతని కొలతలు. వెంట భార్య వచ్చేది. గీత కొట్టే దారం రెండో కొస పట్టుకోవడం, చెక్కుతున్నప్పుడు దుంగమీద కూర్చోవడం ఆమె పని. సంత రోజున మాత్రం అల్లం గంప ఎత్తుకుని పోయేది. భర్త మాట్లాడాల్సిన మాటలు కూడా ఆమే మాట్లాడేది.

దూలం పని ఏమిటో ఒక్క ముక్క చెబుతాను, విసుక్కోకండి. పెంకుల బరువుకి ఏటవాలు వాసాలు రెండు పక్కల గోడల్నీ బయటికి తోస్తుంటాయి. అడ్డంగా ఉన్న దూలం ఆ గోడల్ని విడిపోకుండా పట్టి ఉంచుతుంది. అంటే అది ఎప్పుడూ లాగబడుతూనే ఉంటుంది. అలాంటిదాని మధ్యలో అతుకు పెడితే, రాత్రీ పగలూ ఎవరో రెండు పక్కలనుంచి ఆ అతుకుని లాగుతున్నట్టే. ఇది నాకు డిప్లొమాలో చెప్పారు. పరీక్ష రాసి మర్చిపోయాను.

"అతుకు ఎంత పొడుగుండాలి మేస్త్రీ?" అన్నాను.

అతను దూలం ఎత్తుని చేత్తో కొలిచాడు. ఆ చేతిని కర్ర పొడవునా నాలుగుసార్లు జరిపాడు. "దూలం ఎంతెత్తుంటే అంతకి నాలుగింతలు బాబూ. ఏటవాలు కోత. మజ్జిన కొక్కెం. సెక్క సీల."

మాటలు అన్నే. మిగతాది బొగ్గుతో కర్రమీద గీసి చూపించాడు. రెండు ముక్కల కొసలూ పొడుగ్గా ఏటవాలుగా చెక్కి, ఆ వాలు మధ్యలో ఒక మెట్టు తీస్తాడు. దీని మెట్టు దాని మెట్టుకి తగులుకుంటుంది. వాటి సందులో చెక్క చీల దిగ్గొడితే, లాగే కొద్దీ రెండూ ఇంకా బిగుస్తాయి.

నేను లెక్క వేశాను. దూలం ఎత్తు ఆరంగుళాలు. నాలుగింతలంటే రెండడుగులు. పదిన్నరా పదిన్నరా ఇరవై ఒకటి, అందులో రెండు అతుకులో పోతే పంతొమ్మిది. గోడనుంచి గోడకి ఆనాలంటే ఇరవై కావాలి. అడుగు తక్కువ.

"రెండింతలు చాలు" అన్నాను. ఆలోచించి అన్నది కాదు. నోరు దానంతటది అంది.

"నాలుగు బాబూ."

"ఆ ఏటవాలు, కొక్కెం గొడవ కూడా ఎందుకు? దీంట్లో సగం మందం, దాంట్లో సగం మందం నేరుగా కోసి, ఒకదానిమీద ఒకటి పెట్టెయ్. రెండు బోల్టులు తెప్పిస్తాను. ఇనుప బోల్టులు. పూటలో అయిపోతుంది."

అతను బొగ్గు కింద పెట్టాడు. "నేరుగా కోత్తే మూల పడతాది బాబూ. సీలిక మూలలోనే దాగుంటాది. బోల్టు ఇరగదు. సెక్క ఇరుగుద్ది."

చేతులు దులుపుకుని, "సెయ్యి ఇలాగియ్యండి" అన్నాడు. ఇచ్చాను. నా వేళ్ళ కొసలకి తన వేళ్ళ కొసలు తగిలించి, "లాగండి" అన్నాడు. లాగాను. చెయ్యి ఊడి వచ్చింది. మళ్ళీ చెయ్యి చాపి, ఈసారి నా మణికట్టు అతను పట్టుకుని, అతని మణికట్టు నన్ను పట్టుకోమన్నాడు. "లాగండి." లాగాను. ఇద్దరం ఒక అడుగు అటూ ఇటూ ఊగాం గాని చేతులు ఊడలేదు.

ఇంత తేటగా నాకు ఏ మేష్టారూ చెప్పలేదు. కాని నేను పెదనాన్న బట్టల కొట్లో పెరిగినవాణ్ణి. ఆయన పంచె అంచు రెండు చేతులా పట్టి టపటపా లాగి చూపించేవాడు. చిరగని చోటే పట్టుకునేవాడు. సరుకు అమ్ముకునేవాడు చూపించే ప్రతి వేడుకా నాకు ముందే తెలుసు. నవ్వేసి, "బాగుంది మేస్త్రీ. పోనీ, మూడు" అన్నాను. మూడైనా దూలం అరడుగు తక్కువ పడుతుందని తెలుసు, అది ఉత్త బేరం మాట.

"నాలుగు బాబూ."

"నేను మూడుకి వచ్చాను కదా, నువ్వూ కొంచెం దిగాలా వద్దా?"

"దిగడానికి ఏటుంది బాబూ? నాలుగంటే నాలుగే."

"అయితే నేనూ రెండు దగ్గరే ఉంటాను." ఇది మా వీధిలో అలిగినట్టు నటించే పద్ధతి. మూడుకి వచ్చి, అవతలివాడు బిగిస్తే మళ్ళీ రెండుకి పోవడం. వాడు కంగారుపడి రెండున్నరకి పరిగెత్తుకు వస్తాడు.

ఇతను పరిగెత్తలేదు. భార్యవైపు చూశాడు. ఆమె వాళ్ళ భాషలో ఏదో అని, నావైపు తిరిగి, "ఈ బాబు గెడ్డతో కూడా బేరవాడీసీలాగున్నాడు, సగం తడిపితే సాలని" అంది. నాకు నవ్వొచ్చింది. పొగడ్తలాగే వినిపించింది.

"పొడుగు కర్ర ఇంకోటి తేలేరా బాబూ?" అన్నాడతను, చివరిగా.

తేగలను. ఫారెస్టు డిపోకి పోవాలి, బల్లమీద కూర్చోవాలి, రాసిచ్చిన కాగితం తప్పని వాళ్ళు తిప్పి పంపితే మళ్ళీ రాసుకుని పోవాలి. పదిహేను రోజులో, ఇరవయ్యో. వాళ్ళు నాతో బేరమాడతారు, నాకంటే గట్టిగా. ఇతను ఆడడు. "కుదరదు మేస్త్రీ" అన్నాను.

"మీ ఇట్టం బాబూ."

మా వీధిలో ఆ మాట వినపడితే బేరం కుదిరినట్టు. మూడు దూలాలూ నేను చెప్పినట్టే కోశాడు. నున్నగా, వెంట్రుక దూరకుండా. తప్పు పనిని అంత శ్రద్ధగా చేసినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. బోల్టులు బిగించాక ప్రతి అతుకు మీదుగా, ఈ ముక్కమీంచి ఆ ముక్కమీదికి, బొగ్గుతో అడ్డంగా ఒక గీత గీశాడు.

"ఏటిది?" అన్నాను.

"గీత బాబూ."

"గీతని తెలుస్తోందిలే."

అతను ఉలులు సంచిలో వేసుకున్నాడు. దిష్టికేమో అనుకున్నాను.

జూన్‌లో బడి తెరిచారు. ఫోటో పైకి పంపాను. "పాత సామానుతో సకాలంలో" అని మెచ్చుకుంటూ జవాబు వచ్చింది. నేను దాన్ని మడిచి జేబులో పెట్టుకుని కొన్నాళ్ళు తిరిగాను.

జూలైలో వాన పట్టుకుంది. అక్కడి వాన మీకు తెలియనిదైతే చెప్పడం కష్టం. పడుతుందని అనరు, ఉంటుందని అంటారు. పాత పెంకులు నీళ్ళు తాగి బరువెక్కుతాయి. నేను పెదబయలులో గదిలో తడి బట్టలు ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టుకుంటుంటే టీచరమ్మ ఫోన్ చేసింది. సిగ్నల్ కోసం ఆమె ఊరికి పైన ఉన్న బండ ఎక్కాలి. వానలో ఎక్కిందంటే చిన్న విషయం కాదని అప్పుడైనా నాకు తట్టాల్సింది.

"సార్, గీత ఇరిగింది."

"ఏ గీత?"

"మేస్త్రీ తాత దూలం మీద గీసిన గీత. మధ్య దూలానిది. ఒక్కటిగా ఉండాల్సింది రెండు ముక్కలైంది. రోజూ చూడమన్నాడు తాత. గీత రెండైన రోజున పుస్తకాలు కూడా ఏరుకోకుండా గుంటల్ని బయటికి తోలీమన్నాడు."

నా చేతిలో ఇస్త్రీపెట్టె అలాగే ఉంది. "ఎంత విరిగిందమ్మా?"

"వేలు మందం."

"వేలంటే? చిటికెన వేలా, బొటన వేలా?"

ఆమె వాన చప్పుడుకి మించి గొంతు పెంచింది. "సార్, మీరు వేళ్ళతో కూడా బేరవాడతారా?"

ఫోన్ పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే బయలుదేరాను. మొదటి గెడ్డ నడుముదాకా ఉంది, రెండోది ఛాతీదాకా. ఊరివాడొకడు తాడు పట్టుకుని దాటించాడు. చేరేసరికి మధ్యాహ్నమైంది. పిల్లలు బడికి ఎదురుగా ఉన్న ప్రార్థన పాకలో కూర్చుని ఎక్కం చదువుతున్నారు. బడి ముందు వాకిట్లో వడ్రంగి, అతని భార్య, టీచరమ్మ నిలబడి ఉన్నారు. కబురంది అతను తెల్లవారుజామునే కొండ దాటి వచ్చాడట. చివర రెండు దూలాల కిందా వెదురుబొంగులు ఆసరా పెట్టి వచ్చాడు. మధ్యదాని కిందికి పోలేకపోయాడు. గోడ పైన, చూరు కింద, చెయ్యి పట్టేంత బీట కనిపిస్తోంది. కిటికీ రెక్క ఒకటి మూసుకోకుండా వేలాడుతోంది.

నాకు ఆ క్షణాన పిల్లలు గుర్తుకు రాలేదు. ఇది ఒప్పుకోవడానికి ఈ వయసు రావాల్సి వచ్చింది. నాకు గుర్తొచ్చింది రిపోర్టు. లోపలికి పోయి అతుకు ఫోటో తియ్యాలి. బోల్టు వంగినట్టు కనిపిస్తే నాసిరకం బోల్టులని రాయొచ్చు. కర్రకి చెద కనిపిస్తే పాత కర్రని రాయొచ్చు. ఏదో ఒకటి దొరక్కపోదు. ఫోను బయటికి తీసి గుమ్మంవైపు నడిచాను.

"ఎల్లకండి బాబూ."

"ఒక్క నిమిషం."

"ఎల్లకండి."

"అర నిమిషం మేస్త్రీ, ఇలా వెళ్ళి అలా—"

అతను నా చెయ్యి పట్టుకున్నాడు. వేళ్ళు కాదు, మణికట్టు. నేను లాగాను. రాలేదు. మళ్ళీ లాగాను. అరవై ఏళ్ళ మునక్కాయ మనిషి, వానలో నిలబడి, కదల్లేదు. "ఎన్నిసార్లు లాగుతారు బాబూ?" అన్నాడు, మెల్లిగా.

లోపల చెరుకుగడ విరిచినట్టు ఒక చప్పుడైంది. పెద్ద చప్పుడు కూడా కాదు. తర్వాత గోడలు రెండూ కొంచెం అటూ ఇటూ జరిగాయి, బస్సులో ఎవరికో చోటిస్తున్నట్టు. ఆ సందులోంచి కప్పు మధ్య భాగం లోపలికి కూర్చుంది. పెంకుల చప్పుడు చాలాసేపు వినిపించింది. ప్రార్థన పాకలో ఎక్కం ఆగిపోయింది. టీచరమ్మ వెనక్కి తిరిగి, "పన్నెండు దగ్గిర ఆపారేటి? చదవండి!" అని అరిచింది. పిల్లలు మళ్ళీ అందుకున్నారు.

వాన కాస్త తెరిపిచ్చాక దూలం ముక్కల్ని బయటికి లాగాం. నేను చెప్పిన అతుకుని నేనే చూడాలని వడ్రంగి ఏమీ అనలేదు. అయినా నేను కూర్చుని చూశాను. చీలిక సరిగ్గా కోత లోపలి మూలలో పుట్టింది. అక్కడినుంచి కర్ర నార వెంట పోయి, రెండు బోల్టు బెజ్జాలనీ కలుపుకుని, కొసదాకా చీల్చుకుంటూ పోయింది. బోల్టులు రెండూ తళతళలాడుతున్నాయి, ఈ గొడవతో మాకేం సంబంధం అన్నట్టు. చెద లేదు. పాత కర్రలో ఒక్క పురుగు బెజ్జం లేదు. రాయడానికి నాకు ఏమీ మిగల్లేదు.

మా పై అధికారి ఫోనులో, "వర్షాలు, పాత కర్ర అని రాసెయ్యవయ్యా" అన్నాడు. మంచివాడే. నామీద దయతోనే అన్నాడు. "అతుకు పొడవు తగ్గించడం వలన" అని రాసి పంపాను. తగ్గించింది ఎవరో రాయలేదు. మూడు రోజుల తర్వాత ఎవరు తగ్గించారో తెలపమంటూ కాగితం వచ్చింది. "నేను" అని రాశాను. ఆ రెండక్షరాలు రాయడానికి ఒక పూట పట్టింది. మెమో వచ్చింది. రావాల్సిందే.

తర్వాత ఫారెస్టు డిపో బల్లమీద కూర్చున్నాను. మొదటే కూర్చోవాల్సిన బల్ల అది. నాలుగుసార్లు తిప్పారు. గుమాస్తా "వచ్చే వారం" అంటే "రేపు" అన్నాను, "ఒక్క దుంగ" అంటే "ఆరు" అన్నాను. నా వీధి విద్యంతా ధారపోశాను. ఘాట్ రోడ్డుమీద గాలివానకి కూలిన చెట్టు దుంగలు ఆరు ఇచ్చారు. ఒక్కోటీ పదకొండున్నర అడుగులు. డిపోలో అంతకంటే పొడుగు లేవు. ఈసారి కోయించింది నేను కాదని ఎక్కడైనా రాసి పెట్టాలనిపించింది. టీచరమ్మ ఈలోగా పై ఆఫీసుకి పోయి, దసరా సెలవులు అయ్యేసరికి కప్పు లేస్తే బడి అక్కడే ఉంచుతామని మాట తెచ్చింది. ఆమె కూడా బేరం బాగానే చేస్తుంది. నాలా వాగదు, అంతే. దుంగకి ఎంతమంది కావాలో ఈసారి మోసేవాళ్ళనే తేల్చుకోమన్నాను.

ఆ బడి ఇప్పటికీ ఉంది. ఊరికి రోడ్డు పడింది. పక్కన శ్లాబు గది ఒకటి లేచింది, అది కారుతోందట. టీచరమ్మ ఇప్పుడు వేరే చోట హెడ్‌మాస్టరు. మొన్నీమధ్య అటు పోయి, దూలాల ఫోటో ఒకటి తీసి నాకు పంపింది. ఫోటో పెద్దది చేసి చూశాను. మధ్యాహ్నం వంట పొగకి నల్లబడిన కర్రమీద నల్లటి గీత, కనీ కనపడకుండా. ఒక్కటే ముక్క. వడ్రంగి పోయి నాలుగేళ్ళయిందని కింద రాసింది.

ఆ ఫోటో చూసినప్పటినుంచీ నాకు దూలాలు లేపిన రోజు గుర్తుకు రావడం లేదు. కోతకి దారంతో గీత కొట్టిన రోజే గుర్తుకొస్తోంది.

సెప్టెంబరు. వాన ఆగి, వాకిట్లో ఎండ. ఆరు దుంగలూ పక్కపక్కన పరిచి ఉన్నాయి. పిల్లలు పాకలోంచి మెడలు సాచి చూస్తున్నారు. వడ్రంగి భార్య దారం ఉండ చేతిలో పట్టుకుని ఒక దుంగమీద కూర్చుంది. టీచరమ్మ గుమ్మానికి ఆనుకుని, నేను ఏం చేస్తానో చూద్దామన్నట్టు నిలబడింది.

"అతుకు ఎంత మేస్త్రీ?" అన్నాను.

అతను భార్యవైపు చూశాడు. ఆమె గడ్డం కొంచెం పైకెత్తింది. అతను గొంతు సవరించుకుని, "ఎనిమిదింతలు బాబూ" అన్నాడు.

నేను బుద్ధి తెచ్చుకున్నవాణ్ణి. నోరు ఏదో అనబోయింది గాని పళ్ళ మధ్య పట్టి ఆపాను. "సరే. ఎనిమిదే. ఒక్క అంగుళం తగ్గించకు" అన్నాను. నామీద నాకే గౌరవం కలిగింది. అందరూ విన్నారా లేదా అని చుట్టూ చూశాను కూడా.

వడ్రంగి కదల్లేదు. బొగ్గు చేతిలోకి తీసుకున్నాడు, మళ్ళీ కింద పెట్టాడు. దుంగని తడిమాడు. భార్య పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏం మేస్త్రీ, గీత కొట్టు. దసరా బేగి వచ్చేస్తుంది."

"ఎనిమిదైతే..." అని ఆగాడు. "ఎనిమిదైతే దూలం గోడకి అందదు బాబూ. అడుగు తక్కువొత్తాది."

లెక్క వేశాను. పదకొండున్నరా పదకొండున్నరా ఇరవై మూడు. ఎనిమిదింతలంటే నాలుగడుగులు. పంతొమ్మిది. నిజమే.

"తెలిసీ ఎనిమిదని ఎందుకు అన్నావు మరి?"

అతను తల వంచుకున్నాడు. భార్య అందుకుంది. "నానే సెప్పేను బాబూ. సంతలో మీ సావుకార్లకి నాలుగు కావాలంటే ఎనిమిదనాలి గదా. నాలుగంటే రెండిస్తారు. ఈయనకి ఆ తెలివి నేదు. మీరు తగ్గిత్తారు, అప్పుడు సరిపోద్దని సెప్పేను. మీరేటి, ఒప్పీసుకున్నారు! ఇప్పుడేటి సెయ్యాలి?"

టీచరమ్మ గట్టిగా నవ్వింది. పాకలో పిల్లలు ఎందుకో తెలియకుండానే నవ్వారు. వడ్రంగి మాత్రం నవ్వలేదు. జీవితంలో మొదటిసారి ఒక కొలత తప్పు చెప్పినవాడిలా, అరిచేతుల్లోని బొగ్గుమసిని పంచెకి తుడుచుకుంటూ కూర్చున్నాడు. అరవై ఏళ్ళు నాలుగుని నాలుగనే అన్న మనిషి. నా దగ్గర పనిచేశాక ఎనిమిదన్నాడు. కప్పు కూలిన రోజున కూడా నాకు అంత సిగ్గు వెయ్యలేదు.

అతని ఎదురుగా నేలమీద కూర్చున్నాను. అప్పటికి మోకాళ్ళు వంగేవి.

"మేస్త్రీ, తగ్గించను. పెంచను. అసలు ఎంత కావాలి?"

అతను తల ఎత్తి నన్ను కాసేపు చూశాడు. ఇందులో కూడా ఏదైనా బేరం ఉందేమోనని వెతికినట్టు చూశాడు.

"మొదటి దినమే సెప్పేను గదా బాబూ" అన్నాడు. "నాలుగు."

అతని భార్య చేతిలోంచి దారం రెండో కొస తీసుకుని నేను పట్టుకున్నాను.